లోపలి పిడి

నలభై ఏళ్లుగా తాళాలు చేస్తున్నాను. ఈ ఊళ్లో సగం తలుపులు నా చేతి మీదుగానే మూసుకుంటాయి. ఏ తాళం చేసినా దాని కింది అంచున ఆకురాయితో మూడు సన్నటి గీతలు గీస్తాను. అది నా సంతకం. చదువు రానివాడి సంతకం అనుకోకండి, చదువు వచ్చు, తాళం మీద పేరు రాసేంత చోటుండదు, అంతే. ఇంత పనివాణ్ని, నా చేతులతో నేనే కట్టిన కోళ్లగూట్లో మూడు గంటలు ఇరుక్కుపోయానంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి. ఆ రోజు ఇంట్లో మా అక్క లేకపోయుంటే నేనూ నవ్వేవాణ్నే.

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. దారం మిల్లులో కండెలు చుట్టే పనిలో ముప్పై అయిదేళ్లు రెండో షిఫ్టు చేసింది. మిల్లు మూతపడి పద్నాలుగేళ్లయింది. రెండేళ్లుగా ఆవిడకి మతిమరుపు ముదిరింది. పొయ్యి మీద ఏం పెట్టిందో గుర్తుండదు, నిన్న ఎవరొచ్చారో గుర్తుండదు, ఒక్కోసారి నేనెవరో కూడా కాసేపు ఆలోచించుకోవాలి. కానీ మధ్యాహ్నం ఒకటిన్నర మాత్రం మర్చిపోదు. సరిగ్గా ఆ వేళకి టిఫిన్ డబ్బా సర్దుకుని, చెప్పులు వేసుకుని, వీధి తలుపు దగ్గర నిలబడుతుంది.

"తలుపు తియ్యరా. షిఫ్టుకి టైమైంది."

"ఇవాళ సెలవక్కా."

"నిన్న కూడా సెలవన్నావు."

"నిన్న వేరే సెలవు. బయట ఎండగా ఉంది, నీకేం పని? కుదురుగా కూర్చో."

రోజూ ఇదే. ఒకసారి తలుపు తీసి ఉండటం చూసి వెళ్లిపోయింది. మిల్లుకి వెళ్లాలంటే నాలుగు వీధులు నడిచి, లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటాలి. ఒక లారీ డ్రైవరు ఆవిణ్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. "పెద్దావిణ్ని ఇలాగేనా వదిలేది? బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది!" అని వీధంతా వినేలా నన్ను కడిగేశాడు. తల కొట్టేసినట్టయింది. మర్నాడే వీధి తలుపుకి ఒక స్ప్రింగు గడియ చేసి బిగించాను. తలుపు వేస్తే దానంతటదే పడుతుంది. బయట నుంచైతే పిడిని పైకెత్తి కుడికి తొయ్యాలి. లోపల పిడి లేదు. ఒక సన్నటి కన్నం ఉంటుంది, అందులో ఇనప పుల్ల పెట్టి తిప్పాలి, ఆ పుల్ల నా జేబులో ఉంటుంది. మొదటి నాలుగు రోజులు అక్క తలుపు బాదింది. నేను రేడియో గట్టిగా పెట్టుకున్నాను. తర్వాత బాదడం మానేసింది.

ఇంకో తాళం గురించి కూడా చెప్పాలి. అది మిల్లు గేటుది. మూసేసే రోజున తెల్లారకముందే యజమాని మనిషి వచ్చి, పెద్ద తాళం కావాలన్నాడు. చేసింది నేను, వెళ్లి వేసింది నేను, తాళంచెవులు వాళ్ల చేతిలో పెట్టింది నేను. ఆ మధ్యాహ్నం అక్క షిఫ్టుకి వెళ్లి వెంటనే తిరిగొచ్చింది. డబ్బా విప్పకుండానే నేల మీద పెట్టి, "గేటుకి తాళమేశారురా, ఎవడేశాడో వాడి చేతులు పడిపోను" అంది. నేను అన్నం తింటున్నాను. "ఎవడో" అన్నాను. ఆ మాట అక్కడితో అయిపోయింది. నా లోపల మాత్రం అయిపోలేదు.

సరే, కోళ్ల సంగతికొస్తాను. ఆస్పత్రిలో నర్సమ్మ అంది కదా, "ఆవిడ చేతులకి ఏదైనా పని చూపించండి, ఊరికే కూర్చోబెడితే మనిషి ఇంకా వెనక్కి వెళ్లిపోతుంది" అని. ఏం పని చూపించాలి? కుట్టు ఇస్తే సూది పోగొట్టింది. మొక్కలు తెస్తే రోజుకి పదిసార్లు నీళ్లు పోసి కుళ్లబెట్టింది. చివరికి ఒక అట్టపెట్టెలో ఎనిమిది కోడిపిల్లల్ని తెచ్చాను. కోళ్ల గురించి నాకు తెలిసిందల్లా అవి గుడ్లు పెడతాయని.

మొదటి రోజే నా తెలివి బయటపడింది. పెట్టెలో బల్బు వేలాడదీశాను, మరీ కిందికి. పిల్లలన్నీ నాలుగు మూలలకీ పారిపోయి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. నేను ముచ్చటపడి చూస్తున్నాను. అక్క వచ్చి చూసి, "ఉడికిపోతున్నాయి, పైకెత్తు" అంది. పైకెత్తాను. మరీ ఎక్కువ ఎత్తితే ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా చేరాయి. మళ్లీ దించాను. రెండో రోజు లోతు గిన్నెలో నీళ్లు పెడితే ఒక పిల్ల అందులో పడి చచ్చిపోయింది. అక్క రోజంతా నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత తనే ఒక పళ్లెంలో గులకరాళ్లు పేర్చి, రాళ్ల మధ్య మాత్రమే నీళ్లు నిలిచేలా పోసింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "నేర్చుకోవడమేంటి, మునిగిపోకూడదు కదా" అంది.

మిగిలిన ఏడింటికీ పేర్లు పెట్టింది, అన్నీ మిల్లు పేర్లే. అందరికంటే ముందు దాణా దగ్గరికి పరిగెత్తేది మేస్త్రీ. ఊరికే అరిచేది యూనియన్. అన్నీ తినేశాక తీరిగ్గా వచ్చేది లేటమ్మ. నా పేరు మర్చిపోయిన రోజున కూడా ఈ పేర్లు మర్చిపోయేది కాదు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

మూడు వారాలకి పిల్లలకి రెక్కలొచ్చి పెట్టె చాలలేదు. వంటగది వెనక పెరట్లో గూడు కట్టడం మొదలుపెట్టాను. ఇనుము నా మాట వింటుంది, కర్ర వినదు. కొలిచి కోస్తే పొట్టి, కొలవకుండా కోస్తే పొడుగు. నాలుగు కాళ్లలో ఒకటి కుంటి. దాని కింద పెంకు పెట్టాను. చెక్క మీద నమ్మకం లేక మూలలన్నిటికీ ఇనప పట్టీలు వేసి బోల్టులు బిగించాను. చుట్టూ మందపాటి ఇనప వల కొట్టాను, వేలు పడుతుంది కానీ చెయ్యి పట్టదు. ఎత్తు నాలుగడుగులు. దాణా పళ్లెం లోపలికి తొయ్యడానికి కింద ఒక సందు. తలుపుకి ఒక మామూలు కొక్కెం.

గూట్లోకి మార్చిన మూడో రోజున ఒక పిల్లి వచ్చి పంజాతో ఆ కొక్కేన్ని ఎత్తేసింది. నా కళ్లతో నేను చూశాను, గోడ మీద నుంచి దూకి, కొక్కెం తీసి, సొంతింట్లోకి వెళ్లినట్టు వెళ్లింది. అరుస్తూ పరిగెత్తేసరికి ఒకదాన్ని పట్టుకుపోయింది. ఆరు మిగిలాయి. అక్క గూడు ముందు కూర్చుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పిల్లి తియ్యగలిగిన గడియ నా ఇంట్లోనా? నలభై ఏళ్ల పరువు ఏం కాను?

వీధి తలుపుకి ఎలాంటి గడియ చేశానో అలాంటిదే ఇంకొకటి చేశాను. అదే స్ప్రింగు, అవే కొలతలు, కింద అవే మూడు గీతలు. పైగా పంజా ఆడకుండా చుట్టూ రేకు కప్పు వేశాను. లోపలి వైపు పుల్ల పెట్టే కన్నం కూడా వదల్లేదు, కోడికి కన్నం దేనికని.

ఎదురింటి టైలరమ్మ బట్టలివ్వడానికి వచ్చి గూడు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. మంచి మనిషే, కానీ కొలతలు తీసే కళ్లు. ఏదీ వదలవు.

"అన్నయ్యా, లోపల పిడి లేదేంటి?"

"ఎందుకమ్మా, కోడి బజారుకెళ్లాలా?"

"కోడికి కాదు, మీకు. ఊడ్చడానికి లోపలికెళ్తారు కదా."

"వెళ్తాను, వస్తాను. తలుపెవరు వేస్తారు?"

ఆవిడ గొంతు తగ్గించి, "మీ వీధి తలుపుకీ లేదు" అంది. అక్క పక్కనే దాణా కలుపుతోంది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. "నీ మిషను సంగతి నువ్వు చూసుకో" అనేశాను. పాపం, బట్టలు అక్కడ పెట్టేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత పది రోజులు మా గుమ్మం తొక్కలేదు.

ఆ రోజు పన్నెండున్నరకి రంపపు పొట్టు బస్తాలు తెచ్చాను, గూట్లో పరవడానికి. రెండు చేతులతో మొయ్యాలి కాబట్టి వీధి తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టాను. ఒక బస్తా విప్పి పొట్టు పరుద్దామని వంగి గూట్లోకి దూరాను. లేటమ్మ ఉంది చూశారూ, జీవితంలో మొదటిసారి అన్నిటికంటే ముందు బయల్దేరింది, తెరిచిన తలుపు వైపు. నా చేతుల నిండా పొట్టు. కాలు వెనక్కి చాపి తలుపు లాగేశాను.

టక్కుమంది.

ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఎన్ని వేల తాళాలు వేశానో, గడియ సరిగ్గా కూర్చున్నప్పుడు అలాగే వినిపిస్తుంది. ఒక్క క్షణం, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, 'బాగా కుదిరింది' అనుకున్నాను. ఆ తర్వాతే నేను ఏ వైపు ఉన్నానో గుర్తొచ్చింది.

జేబులో ఇనప పుల్ల ఉంది. పెట్టడానికి కన్నం లేదు. వలలోంచి వేలు పెట్టి చూశాను, రేకు అడ్డమొచ్చింది. కింది సందులోంచి చెయ్యి చాపితే మణికట్టు దాకానే దూరింది. పనిముట్ల సంచి గోడవారన ఉంది, రెండు జానల దూరంలో, అది వంద మైళ్లయినా ఒకటే. కాలితో తన్నాను. నా పట్టీలు, నా బోల్టులు, కించిత్తు కదల్లేదు. నా పనితనం మీద నాకే ఒళ్లు మండింది. "చెల్లెమ్మా!" అని ఎదురింటికి వినపడేలా అరిచాను. మిషను చప్పుడు లేదు, ఎక్కడికో కొలతలకి వెళ్లినట్టుంది. నిటారుగా నిలబడలేను, కాళ్లు చాపుకోలేను. ఆరు పిల్లలు నా చుట్టూ చేరి నన్ను కొత్తగా తెచ్చిన బస్తాలా పొడిచి చూశాయి.

అప్పుడు గుర్తొచ్చింది, వీధి తలుపుకి ఇటుక. ఒంటి గంట దాటింది. ఇంకాసేపట్లో అక్క డబ్బా సర్దుకుంటుంది. తెరిచి ఉన్న తలుపు, నాలుగు వీధులు, పెద్ద రోడ్డు.

"అక్కా! ఓ అక్కా! ఒకసారి ఇలా రా!"

పిలవగా పిలవగా వచ్చింది. చేతిలో డబ్బా, కాళ్లకి చెప్పులు. గూడు ముందు వంగి నన్ను చూసింది. మేస్త్రీ పక్కన నేను కూర్చోవడం ఆవిడకి వింతగా ఏమీ అనిపించలేదు.

"అక్కా, ఆ గడియ తియ్యి. పైకెత్తి కుడికి తొయ్యి."

"ఎందుకు?"

"బయటికి రావాలి."

"బయట నీకేం పనిరా? ఎండగా ఉంది."

ఆ గొంతు నాకు తెలుసు. అది నా గొంతే. కసిగా అనలేదు, ఎగతాళిగా అనలేదు. పిల్లాడికి చెప్పినట్టు, మెత్తగా, ఓపిగ్గా అంది. నేను రోజూ అలాగే అంటాను.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. తియ్యి."

"దాహంగా ఉందా?" అని లోపలికి వెళ్లింది. గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసి తెచ్చి, కింది సందులోంచి నా వైపు తోసింది. "మెల్లిగా తాగు. రాళ్లున్నాయి, మునిగిపోవు."

"నేను కోడిని కాదక్కా! నీ తమ్ముణ్ని!"

"అరవకు. కుదురుగా కూర్చో. ఇవాళ సెలవు."

వల పట్టుకుని ఊపాను. ఎలాగైనా ఆవిణ్ని ఆపాలి, గడియ తియ్యకపోయినా ఫరవాలేదు, కళ్ల ముందు ఉంటే చాలు. "అవునక్కా, సెలవే! నీకూ సెలవే కదా! ఇక్కడే కూర్చో, పిల్లల్ని చూడు, లేటమ్మ ఏం చేస్తోందో చూడు!"

అక్క నవ్వింది. "సెలవు నీకు. నాకు షిఫ్టుంది."

వెళ్లిపోయింది. వంటగదిలో చెప్పుల చప్పుడు, తర్వాత ముందు గదిలో, తర్వాత లేదు.

ఎంతసేపు అరిచానో నాకే తెలీదు. గొంతు పోయింది. పిడికిళ్లతో తలుపు బాదాను, చర్మం లేచిపోయింది. బాదుతూ బాదుతూ ఉండగా, ఈ చప్పుడు ఇంతకుముందు విన్నానే అనిపించింది. విన్నాను. వీధి తలుపుని అక్క బాదింది, పక్క గదిలో నేను రేడియో పెంచాను. అందులో ఏ పాట వచ్చిందో కూడా గుర్తుంది. చేతులు దించేసి పొట్టులో కూలబడ్డాను. నా మీద నాకు అసహ్యం వేసింది, ఇంకో మాట లేదు.

ఆ తర్వాత వినడం తప్ప చేసేదేమీ లేకపోయింది. పెద్ద రోడ్డు మీద లారీల మోత మా పెరట్లోకి సన్నగా వినిపిస్తుంది. ఒక హారన్. ఒక బ్రేకు. ప్రతి బ్రేకుకీ జనం కేకలు వినిపిస్తాయేమోనని చెవులు రిక్కించాను. ఎండ గూటి ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిగింది. పిల్లలు దానితోపాటు జరిగాయి, నేనూ జరిగాను. నీళ్లు తాగాను, ఆ పళ్లెంలోంచే, రాళ్ల మధ్య నుంచే. లేటమ్మ వచ్చి నా పాదం మీద పడుకుంది. దాన్ని లేపడానికి మనసు రాక కాలు తిమ్మిరెక్కినా కదపలేదు. ఈ ఆరింటికీ పుట్టాక తెలిసిందల్లా ఒక పెట్టె, ఆ తర్వాత ఇంకో పెట్టె. బాగా చూసుకుంటున్నాననే అనుకున్నాను, ఇన్నాళ్లూ, అందరినీ.

నాలుగు దాటాక ముందు గదిలో చెప్పుల చప్పుడైంది.

అక్క పెరట్లోకి వచ్చింది. పాదాలు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి, ముఖం ఎండకి కందింది. ఒక్క దెబ్బ లేదు. దాణా డబ్బా తీసుకుని తిన్నగా గూడు దగ్గరికొచ్చింది. ఒంటి చేత్తో గడియ పైకెత్తి, కుడికి తోసి, తలుపు తెరిచింది.

"లే. దాణా వేసే టైమైంది. అడ్డం జరుగు."

పాకుతూ బయటికొచ్చి ఆవిడ కాళ్ల దగ్గరే కూలబడ్డాను. ఏడుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది. "ఎక్కడికెళ్లావక్కా?"

"మిల్లుకి."

"రోడ్డు?"

"లారీలు ఆగాక దాటాను. ముప్పై అయిదేళ్లు దాటానురా." దాణా చల్లుతూ చెబుతోంది. "గేటు వేసేసుంది. అక్కడే కూర్చుని తినేసి వచ్చాను."

"చెప్పాను కదా, సెలవని."

"సెలవు కాదు. తాళమేశారు. నీ తాళమే."

తలెత్తి ఆవిడ వైపు చూశాను.

"కింద మూడు గీతలున్నాయి," అంది, కళ్లు కోళ్ల మీదే పెట్టి. "అప్పుడూ చూశాను, ఇవాళా చూశాను. నీ గీతలు నాకు తెలీవా? అందుకే కదరా రోజూ తియ్యి తియ్యి అని నిన్ను అడుగుతున్నాను. వేసినవాడివి నువ్వే కదా. వేరేవాళ్లు ఎలా తీస్తారు?"

రెండేళ్లుగా ఆవిడ మా వీధి తలుపు తియ్యమంటోందనే అనుకున్నాను.

ఆ సాయంత్రం రెండు తలుపులకీ లోపలి వైపు పిడులు బిగించాను. ఎదురింటికి వెళ్లి టైలరమ్మకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ పొట్టు అంటిన నా జుట్టు చూసి ఒక తువ్వాలు తెచ్చిచ్చింది.

మర్నాడు ఒకటిన్నరకి అక్క డబ్బాతో తలుపు దగ్గర నిలబడింది. నిన్నటిదేదీ గుర్తులేదు. "తలుపు తియ్యరా. షిఫ్టుకి టైమైంది."

"తీస్తాను. పద," అన్నాను. పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాను.

నాలుగు వీధులు ఆవిడే ముందు నడిచింది. పెద్ద రోడ్డు దగ్గర నేను చెయ్యి పట్టుకున్నానో, ఆవిడ పట్టుకుందో చెప్పలేను. మిల్లు గేటు దగ్గర మనిషి జాడ లేదు, కాపలావాడు కూడా ఎప్పుడో మానేశాడు. నా తాళం తుప్పు పట్టి గొలుసుకి అతుక్కుపోయి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని నూనె పోశాను, పుల్లలు పెట్టాను, తిప్పాను. అక్క పక్కనే రాయి మీద కూర్చుంది. దారిన పోయే ఒకాయన ఆగి చూస్తే, "మా తమ్ముడు. తీసేస్తాడు" అని చెప్పింది. అరగంట పట్టింది. నేను చేసిన తాళాల్లో అంత కష్టపెట్టింది ఇంకోటి లేదు.

గేటు తోశాను. నాకు భయమేసింది. ఆవిడ ముప్పై అయిదేళ్లు నిలబడిన చోట ఇప్పుడేమీ లేదు. యంత్రాలు అమ్మేశారు, పైకప్పు రేకులు పీకేశారు. గోడల మధ్య మోకాలెత్తు గడ్డి, అందులో మిడతలు ఎగురుతున్నాయి. ఎండ తిన్నగా నేల మీద పడుతోంది. అక్క లోపలికి నడిచి, కండెలు చుట్టే చోట నిలబడి, చాలాసేపు చుట్టూ చూసింది. ఏడుస్తుందా, అరుస్తుందా, నన్ను తిడుతుందా, దేనికైనా సిద్ధపడి నిలబడ్డాను.

నా వైపు తిరిగింది.

"ఇంత చోటు పెట్టుకుని, ఆ పిల్లల్ని ఆ పెట్టెలో ఎందుకు పెట్టావురా?"